లంక నుంచి వచ్చేటప్పుడే ఆగే బండి

మొన్న తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఉన్న ఒక షెడ్డులో నా పాత బండి ఇంజను విప్పారు. ఆ షెడ్డు కుర్రాడు పాత బళ్లకి కొత్త రంగులు వేసి అమ్ముతుంటాడు. పిస్టన్ని గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టి చూసి, మొహం అదోలా పెట్టాడు.

"మేడంగారండీ, ఏమీ అనుకోకండి. ఈ బండిని ఎవరో బాగా హింసించారండి. ఇందులో అసలు ఏం పోసి నడిపేవారు?"

"నడిపింది నేనే," అన్నాను.

అతను నా చీర వంకా, బండి వంకా చూశాడు. "బాగుచేస్తాను గానండీ, ఇలాంటివి ఇప్పుడు తిరగడానికి కాదు, పెట్టుకుని చూసుకోడానికి. హైదరాబాదు వాళ్లు ఎగబడి కొంటున్నారు. ఇచ్చేయండి."

ఇవ్వనన్నాను. ఎందుకివ్వనో చెప్పాలంటే అతన్ని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాలి. అతనికి తీరిక లేదు. మీకుంటే వినండి.

మా నాన్నగారు పాస్టరు. ఏలూరు శివార్లలో మా సంఘం. ఆయన్ని అందరూ అయ్యగారు అనేవారు, అమ్మని అమ్మగారు, నన్ను అయ్యగారమ్మాయి. నాకు వేరే పేరొకటుందన్న సంగతి కాలేజీలో చేరేదాకా సంఘంలో సగంమందికి తెలియదు. ఆ బండి మిషను రోజుల్లో ఎవరో దొరగారు సువార్తకి తిరగడానికి కొన్నదట. చేతులు మారి మారి నాన్నగారి దగ్గరికొచ్చింది. రెండు పొగ గొట్టాలు, నల్లటి టాంకు, మనిషి నిద్రలో గొణిగినట్టుండే చప్పుడు. కిక్కు కొట్టేదీ గేరు వేసేదీ ఒకటే లీవరు. దానికి పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. ఆయిలు కొలవడం అమ్మ పని. దగ్గు మందు సీసా ఒకటి అందుకే ఉంచింది. ఆ ఆయిలు నీలంగా ఉండేది, కలిపితే పెట్రోలంతా నీలంగా మారేది. ఆదివారం పొద్దున్నే మా వంటింట్లో ఇడ్లీల ఆవిరీ, పెట్రోలు వాసనా, నాన్నగారి ఇస్త్రీ బట్టల వాసనా కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఆదివారం అంటే నా ముక్కుకి అదే.

ఆదివారం పొద్దున నాన్నగారు కొల్లేటి లంకకి వెళ్లేవారు. అక్కడ మా శాఖ సంఘం ఉండేది. ఒక తాటాకుల పాక, నడుమెత్తు మట్టిగోడలు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కుటుంబాలు. అక్కడ ఆరాధన ముగించుకుని, భోజనం చేసి, సాయంత్రం ఆరాధన వేళకి ఏలూరు వచ్చేయాలి. ఊళ్లో పెద్ద ఆరాధన సాయంత్రమే. ఉద్యోగస్తులంతా అప్పుడే వచ్చేవారు.

వానాకాలం లంకకి తాటి దోనె మీదే పోవాలి. వేసవిలో చేపల చెరువుల గట్ల మీదుగా బండి పోయేది. ఎటు చూసినా చెరువులే. తవుడు, వేరుశనగ చెక్క, కోళ్ల పెంట కలిసిన వాసన. ఆ వాసన భరించలేం అనేవాళ్లే ఆ చేపలు లొట్టలేసుకుంటూ తినేవారు. గట్టు పక్కన కిక్కిస గడ్డి, అందులోంచి లేచే గూడకొంగలు. గట్టెక్కాక మనుషులు కనబడరు కాబట్టి నాన్నగారు దిగి, వెనక్కి జరిగి, "కానీయమ్మా" అనేవారు. అలా నేను బండి నేర్చుకున్నాను. ఏలూరు పొలిమేర రాగానే మళ్లీ మంచిపిల్లనై వెనక కూర్చునేదాన్ని.

లంకలో డబ్బు తక్కువ, కానుకలెక్కువ. గుప్పెడు బియ్యం, గుడ్లు, ఎండు చేపలు, గుమ్మడికాయ, కాళ్లు కట్టేసిన బాతు. అన్నీ బల్ల ముందు పెడితే నాన్నగారు ప్రార్థన చేసేవారు. మా సంఘాల్లో కానుక గురించి ఒక కట్టుబాటుంది. దేవుని పేరు మీద ఇచ్చింది తిరిగివ్వకూడదు, పారెయ్యకూడదు, దేనికోసం ఇచ్చారో దానికే వాడాలి. నాన్నగారు దాన్ని అక్షరాలా పాటించేవారు. ఒకసారి ఎవరో పులిసిపోయిన తాటి బెల్లం ఇస్తే, అది అయ్యేదాకా రోజూ నీళ్లలో కలుపుకుని తాగారు. "అవతల పారబొయ్యండి" అని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే బండి మొరాయించడం మొదలెట్టింది. విచిత్రం ఏమిటంటే, వెళ్లేటప్పుడు గుర్రంలా పోయేది. లంక నుంచి వచ్చేటప్పుడే, గట్టు మీద కొంత దూరం వచ్చాక గుక్కపట్టి, దగ్గి, తెల్లటి పొగ కక్కి ఆగిపోయేది. ప్లగ్గు విప్పితే కాటుక పూసినట్టు నల్లగా, తడిగా ఉండేది. దాన్ని నా ఓణీ కొంగుతో తుడిచి, ఇంజనుకి ఆనించి, కిక్కు కొట్టి చూసేవాళ్లం. నిప్పురవ్వ వచ్చేది గాని పసిపిల్లలా బలహీనంగా వచ్చేది. తుడిచి బిగిస్తే కాస్త దూరం నడిచేది, మళ్లీ ఆగేది. అలా తోసుకుంటూ, తుడుచుకుంటూ వచ్చేసరికి ఏలూరులో దీపాలు పెట్టేసేవారు. సంఘమంతా పాటలు పాడి పాడి గొంతులు పోయి, గుమ్మం వంక చూస్తూ కూర్చునేవారు.

నిప్పురవ్వ బలహీనంగా ఉంది కాబట్టి లోపం కరెంటుదే అన్నాడు ఏలూరు మెకానిక్కు. కండెన్సరు మార్చాడు. మరుసటి ఆదివారం మళ్లీ ఆగింది. కాయిలు దగ్గర వైరు ఎలక కొరికిందన్నాడు. నిజమే, కొరికింది. కొత్త వైరు వేశాడు. అయినా ఆగింది. "పాయింట్లు అరిగాయండి, గ్యాపు సరిచేసుకుంటూ ఉండాలి," అని నాన్నగారికి ఒక కిటుకు చెప్పాడు. సిగరెట్టు పెట్టె అట్ట చింపి పాయింట్ల మధ్య పెట్టి, అది బిగువుగా జారేంత సందు ఉంచితే చాలట.

నాన్నగారు సిగరెట్టు పెట్టె ఇంట్లోకి తెస్తారా? రోడ్డు మీద పడున్నది కూడా ముట్టరు. దాని బదులు సండేస్కూలు పిల్లలకిచ్చే, బైబిలు వాక్యం అచ్చేసిన కార్డు ఒకటి తీసుకుని దాంతో గ్యాపు పెట్టారు. ఆ కార్డు మందం. సందు ఎక్కువైంది. సందు ఎక్కువైతే నిప్పురవ్వ ముందుగా పడుతుంది, పిస్టను ఎదురు తిరుగుతుంది. అదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, నాన్నగారు కిక్కు కొట్టగానే లీవరు వెనక్కి తన్ని ఆయన చీలమండని వాయగొట్టడం. ఆయన అరుగు మీద కూలబడ్డారు. "వాక్యం కొంచెం గట్టిగానే తగిలిందే," అని నవ్వబోయారు గాని, నొప్పికి నవ్వు రాలేదు.

పసుపు పట్టు వేసి అమ్మ కట్టు కట్టిన సాయంత్రమే సంఘ సెక్రటరీగారు మరికొందరు పెద్దలతో వచ్చారు. ఆయన మనిషి చెడ్డవాడేం కాదు. తెల్లటి బట్టలు, తెల్లటి స్కూటరు, వేళకి అన్నీ జరగాలన్న పట్టుదల. అమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి విషయంలోకి వచ్చారు.

"అయ్యగారండీ, మేమంతా ప్రార్థించే వచ్చామండి. ప్రతి ఆదివారం ఆ బండి ఆగడం ఊరికే జరగట్లేదండి. దేవుడు మూసిన తలుపు మనం తట్టకూడదండి."

తెర వెనక నేనున్నాను. నోరు ఊరుకోలేదు. "దేవుడు మూస్తే వెళ్లేటప్పుడే మూస్తాడు కదండీ? తిరిగొచ్చేటప్పుడు మూస్తే, మమ్మల్ని లంకలోనే ఉండిపొమ్మన్నట్టు కదండీ?"

అమ్మ నా జబ్బ పట్టి లోపలికి లాగింది. తరవాత సెక్రటరీగారు మెల్లిగా తీర్పు చెప్పారు. వచ్చే మట్టల ఆదివారం సాయంత్రం ఆరాధన వేళకి అయ్యగారు వచ్చారా, సరే. రాలేదా, లంక ఆరాధన మానేయాలి. బండి పాత ఇనుముకి వెయ్యాలి. లంకవాళ్లు కావాలంటే దోనె కట్టుకుని, రోడ్డు మీదున్న ఊరికొచ్చి, అక్కడి గుడిలో కూర్చోవచ్చు.

"అక్కడ ముసలివాళ్లున్నారండి," అన్నారు నాన్నగారు.

"ఇక్కడా ఉన్నారండి," అన్నారు సెక్రటరీగారు. "మీ కాలు చూస్తే అలా ఉంది. అసలు ఎలా వెళ్తారండి?"

వాళ్లు వెళ్లాక నేను బయటికొచ్చాను. "నేను తీసుకెళ్తాను నాన్నగారూ."

నాన్నగారు అమ్మ వంక చూశారు. వద్దంటుందనుకున్నాను. అమ్మ గ్లాసులు తీస్తూ తీస్తూ అంది: "తీసుకెళ్లనివ్వండి. దీనికి నడపడం వచ్చని నాకెప్పుడో తెలుసు. గట్టు మీద దుమ్ము వెనక కూర్చున్నవాళ్లకి ఒకలా పడుతుంది, ముందు కూర్చున్నవాళ్లకి ఒకలా పడుతుంది. బట్టలుతికేది నేనే కదా."

ఆ వారమంతా కాలేజీ నుంచి రాగానే బండి దగ్గరే కూర్చున్నాను. మెకానిక్కు వచ్చి పాయింట్లు సరిచేసి వెళ్లాడు. కరెంటులో ఇంకే లోపమూ లేదని ఒట్టేశాడు. అయితే లోపం ఇంకెక్కడుంది? కార్బొరేటరు కింద చిన్న గిన్నెలాంటిదుంటుంది, పెట్రోలు ముందు అందులో నిండుతుంది. అది విప్పి, అందులో మిగిలింది అరచేతిలో పోసుకున్నాను. పెట్రోలైతే చల్లగా తగిలి వెంటనే ఎగిరిపోవాలి. ఇది ఎగిరిపోలేదు. జిడ్డుగా అలాగే ఉంది. వాసన చూశాను.

"నాన్నగారండీ, ఇది దీపం వాసన వేస్తోంది."

ఆయన కాలు చాపుకుని ప్రసంగం రాసుకుంటున్నారు. "లంకంతా అదే వాసన కదమ్మా. అక్కడ అందరివీ గుడ్డి దీపాలే. నీ చేతులకి అంటుకుని ఉంటుంది."

"అక్కడికెళ్లింది ఆదివారం. ఇవాళ గురువారం. ఈలోపు స్నానం చెయ్యలేదంటారా?"

ఆయన నవ్వారు గాని నమ్మలేదు. నేను ఆ గిన్నె కడిగి బిగించి, ఒక నిశ్చయానికొచ్చాను. ఈ ఆదివారం నేను పాకలో కూర్చోను. బండి దగ్గరే కూర్చుంటాను.

మట్టల ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరాం. ఊళ్లో ఇంకా జనం లేవలేదు. నేను ముందు, నాన్నగారు వెనక, ఆయన కట్టు కట్టిన కాలు ఒక పక్కకి చాచి. ఆ రోజు మేం ధ్యానించేది ప్రభువు గాడిద పిల్ల మీద ఊరేగిన సంగతి. ఎవరూ ఎక్కని పిల్ల, కట్టు విప్పుతుంటే ఎందుకు విప్పుతున్నారని అడ్డుకున్న జనం. దారంతా నేను అదే తలుచుకున్నాను. బండి ఎప్పటిలాగే వెళ్లేటప్పుడు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

లంక పిల్లలు ఈత మట్టలూపుతూ ఎదురొచ్చారు. నన్ను ముందు సీటులో చూసి కేకలు పెట్టారు. ఒక మట్ట తెచ్చి హేండిలుకి కట్టారు. ఆరాధన మొదలయ్యాక నేను పాక చూరు కింద, బండి కనబడేలా మట్టిగోడ చాటున కూర్చున్నాను. లోపల పాటలు అయ్యాయి. వాక్యం అయింది. కానుకలు పెట్టారు. నాన్నగారి పెద్ద ప్రార్థన మొదలైంది. ఆ ప్రార్థనలో లోకంలో ఉన్న రోగులందరూ వస్తారు, ముగియడానికి చాలాసేపు పడుతుంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

పాక వెనక గుమ్మంలోంచి ఒక ముసలావిడ బయటికొచ్చింది. ఆవిడ నాకు బాగా తెలుసు. వలలు అల్లి బతికే మామ్మ. ఒంటరిది, వంగిపోయిన నడుము, గడుసు నోరు. పమిట చాటు నుంచి ఒక సీసా తీసింది. బండి టాంకు మూత తిప్పింది. సీసా ఒంపింది. నేను లేచి పరిగెత్తేసరికి సగం పోసేసింది.

"ఏంటి మామ్మా అది!"

"అరవకే. లోపల అయ్యగారు ప్రార్థన చేత్తన్నారు."

"ఏం పోస్తున్నావు?"

"నా కానుక."

సీసా మూతి దగ్గర ముక్కు పెట్టాను. కిరసనాయిలు. రేషను షాపులో ఇచ్చే నీలం కిరసనాయిలు. అమ్మ కలిపే ఆయిలు కూడా నీలమే కాబట్టి టాంకులోకి చూసినా మాకు తేడా తెలియలేదు.

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావు?"

"కొత్త సంవచ్చరం నుంచి. రేషను షాపోడు పోసిందాంట్లో సగం నా దీపానికి, సగం దేవుడికి. చేపలిద్దామంటే చెరువులు మాయి కావు. కోడినిద్దామంటే నక్కెత్తుకుపోయింది. అందరూ బల్ల మీద ఏదోటి పెడతన్నారు, నేను ఉత్తి చేతులతో కూకోనా? దారిలో అయ్యగారి బండి ఆగిపోతందని విన్నాను. ఆకలేసే ఆగుతందనుకుని ఇంకాస్త ఎక్కువ పోత్తన్నాను."

"అయ్యో మామ్మా! ఇది తాగే ఆగుతోంది! ఈ బండి పెట్రోలే తాగుతుంది."

మామ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం? పొలాల్లో ఇంజన్లు తాగట్లేదా? బుడ్డి పెట్రోలు చూపిత్తే చాలు, పొద్దుగూకులూ కిరసనాయిలు తాగి నీళ్లు తోడతన్నాయి. నీ బండి దొరలదని పొగరా? దేవుడు పుచ్చుకుంటాడు గాని, ఇది పుచ్చుకోదంటావా?"

అని, సీసాలో మిగిలింది కూడా పోసేసి, మూత బిగించి, పమిట సర్దుకుని, ఆమేన్ వేళకి లోపలికెళ్లి కూర్చుంది.

భోజనంలో మామిడికాయ వేసిన కొర్రమీను పులుసు వడ్డించారు. ఆ పులుసు కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఆ రోజు కంచం ముట్టకుండానే లేచాను. నాన్నగారి పక్కన చేరి, ఎవరికీ వినబడకుండా చెప్పాను. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అయితే ఆవిడ సగం నెల చీకట్లో కూర్చుంటోందన్నమాట," అన్నారు.

"టాంకు వంపేద్దాం నాన్నగారూ. అవతల చెరువు కాపలా మనిషికి మోపెడ్ ఉంది. కాస్త పెట్రోలు అడుగుదాం."

"వంపను."

"వంపకపోతే బండి నడవదు!"

"ఆవిడ దేవుని పేరు మీద పోసింది. నేను దాని మీద ప్రార్థన కూడా చేశాను, నాకు తెలియకపోయినా. నేలపాలు చెయ్యను."

"సాయంత్రానికి వెళ్లకపోతే లంకే పోతుంది కదండీ!" నా గొంతు లేచింది. కంచాల ముందున్నవాళ్లు తలలెత్తారు. లంక పోతుందన్న సంగతి అప్పటిదాకా వాళ్లకి తెలియదు.

నాన్నగారు చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగారు. "బండి సంగతి నీకు తెలుసు. కానుక సంగతి నాకు తెలుసు. రెండూ ఏలూరు చేరాలి. ఆలోచించమ్మా."

బండి పక్కన కూర్చుని ఆలోచించాను. కోపంగా ఆలోచించాను. మామ్మ తిట్టిన తిట్టే చెవిలో తిరుగుతోంది. పొలాల్లో ఇంజన్లు తాగట్లేదా? తాగుతున్నాయి, నిజమే. కాని ముందు పెట్రోలుతో అంటిస్తారు. ఇంజను బాగా వేడెక్కాక కిరసనాయిలుకి మారుస్తారు. వేడి ఉన్నంతసేపూ అది మండుతుంది. మా బండి ఎందుకు ఆగుతోంది? నిదానంగా పోతాం, వేడి చాలదు, మండనిది ప్లగ్గుకి పట్టి నిప్పురవ్వని తడిపేస్తోంది. అయితే ముందే కాల్చి వేడెక్కించి, ఇక వేడి తగ్గనివ్వకుండా పోతే?

కాపలా మనిషి చిన్న సీసాడు పెట్రోలిచ్చాడు. మోపెడ్‌ది కాబట్టి ఆయిలు కలిసే ఉంది. టాంకు కింది కుళాయి కట్టేసి, అక్కణ్ణుంచి కార్బొరేటరుకి వచ్చే రబ్బరు పైపు టాంకు దగ్గర ఊడదీసి, ప్లాస్టిక్ సీసా మూతకి బెజ్జం పెట్టి అందులోకి దూర్చాను. ప్లగ్గు తుడిచి బిగించాను. నాన్నగారు వెనక సీటులో కూర్చుని, ఆసుపత్రిలో సెలైన్ పట్టుకున్నట్టు సీసా తలకిందులుగా ఎత్తి పట్టుకున్నారు. లంకంతా చుట్టూ మూగింది. కిక్కు కొట్టాను. బండి లేచింది. కదలకుండా అక్కడే ఏక్సిలేటరు తిప్పుతూ నిలబెట్టాను. పొగ గొట్టాలు కాలి వాసన వచ్చేదాకా తిప్పాను. అప్పుడు పైపు సీసాలోంచి లాగి, టాంకుకి తగిలించి, కుళాయి తిప్పాను. బండి ఒకసారి గుటక వేసింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గొంతు మార్చుకుని గురగురమంటూ మామ్మ కానుక తాగడం మొదలెట్టింది.

"తాగుతందా?" అంది మామ్మ గుంపులోంచి.

"తాగుతోంది మామ్మా!"

"చెప్పలా?"

గట్టు మీద ఎన్నడూ పోనంత వేగంగా పోయాం. వెనక చూస్తే తెల్లటి పొగలో కొల్లేరు కనబడలేదు. ఒక్కటే నియమం: ఎక్కడా ఆపకూడదు, వేడి తగ్గకూడదు. మలుపులో బాతుల మంద అడ్డొచ్చింది. హారను కొట్టాను. పలకలేదు. హారను వైరు తెగి చాలా రోజులైంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాన్నగారు ముందుకి వంగి, హేండిలుకున్న ఈత మట్ట లాగి, గాల్లో ఊపుతూ "హోసన్నా! తప్పుకోండి! హోసన్నా!" అని కేకలు పెట్టారు. బాతులు రెండుగా చీలి చెరువుల్లోకి దూకాయి. బాతులవాడు నీళ్లలో నిలబడి, "ఎవరమ్మా నువ్వు, దెయ్యం పట్టిందా?" అని తిట్టాడు. "లేదండీ," అని అరిచాను. ఆనందంతో అరిచాను.

ఏలూరు చేరేసరికి రైలు గేటు వేసేశారు.

మా గుడి పట్టాలకి అవతల. బండి నిలబెట్టాను గాని ఆపలేదు. ఏక్సిలేటరు తిప్పుతూనే ఉన్నాను. రిక్షావాళ్లు, లారీవాళ్లు, పూలు కొనుక్కుని వస్తున్న ఆడవాళ్లు, అందరూ దగ్గుతూ మా వంకే చూస్తున్నారు. మా పక్కనే తెల్లటి స్కూటరు మీద తెల్లటి బట్టల్లో, చంకలో పాటల పుస్తకంతో సెక్రటరీగారు ఉన్నారు. ఆయన నన్ను ముందు సీటులో చూసి, వెనక నాన్నగారిని చూసి, మళ్లీ నన్ను చూశారు.

"ఏంటమ్మాయ్ ఇది! ఆపు! ముందు బండాపు!"

"ఆపనండి!"

"పొగతో చంపుతున్నావు! ఆపమంటుంటే!"

"ఆపితే మళ్లీ కదలదండి! లంక పోతుందండి!"

ఆయన నాన్నగారి వైపు తిరిగారు. "అయ్యగారండీ! ఆడపిల్ల చేత, నలుగురూ చూస్తుండగా... సంఘం పరువేం కావాలండి?"

నాన్నగారి మొహం నిండా మసి. చేతిలో ఇంకా మట్ట ఉంది. రైలు వెళ్లిపోయింది. "గేటెత్తుతున్నారండి," అన్నారు ఆయన నెమ్మదిగా. "పోనీయమ్మా."

మేం గుడి ముందుకి వచ్చేసరికి మొదటి గంట కొడుతున్నారు. తాళం తిప్పాను. బండి ఆగలేదు. ఇన్నాళ్లూ ఆగొద్దంటే ఆగిన బండి, ఆగమంటే ఆగలేదు. లోపల అంత వేడి, నిప్పురవ్వ లేకుండానే మండుతోంది. దభ్ దభ్ మని కొట్టుకుంటూనే ఉంది. గుమ్మంలో అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కుళాయి కట్టేసి, గేరు వేసి, బ్రేకు తొక్కి దాన్ని ఆపేసరికి లోపల మొదటి పాట ఎత్తుకున్నారు. నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి కుంటుకుంటూ లోపలికి నడిచారు. రాత్రంతా దేవదూతతో పెనుగులాడిన యాకోబు కుంటుతూ వచ్చాడని వాక్యంలో చదివినప్పుడల్లా నాకు ఆ నడకే కనబడుతుంది.

ఆరాధన చివర్లో సెక్రటరీగారు లేచారు. అయ్యగారు వేళకి వచ్చినందుకు దేవునికి వందనాలన్నారు. అయితే ఆడపిల్ల పట్టపగలు రోడ్డు మీద దైవసేవకుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని మోటారుసైకిలు నడపడం సంఘానికి తలవంపులని, అమ్మాయి లేచి క్షమాపణ చెబితే ఆ విషయం అక్కడితో వదిలేద్దామని అన్నారు.

లేచాను. చేతులకి మసి, ఓణీకి ఆయిలు మరకలు.

"నేను క్షమాపణ చెప్పడానికి లేవలేదండి. సాక్ష్యం చెప్పడానికి లేచాను."

మా సంఘాల్లో సాక్ష్యానికి లేచినవాళ్లని ఎవరూ కూర్చోబెట్టకూడదు. చిన్నపిల్లైనా సరే, కూలిమనిషైనా సరే, దేవుడు చేసింది చెబుతానంటే చివరిదాకా వినాలి. ఆ కట్టుబాటు పెట్టింది మా పెద్దలే. సెక్రటరీగారు కూర్చున్నారు.

మామ్మ సంగతి చెప్పాను. దీపానికి సగం, దేవుడికి సగం. ఆవిడ పోసింది తాగే బండి ఆగిందని, ఆవిడ పోసింది తాగే బండి ఇప్పుడు ఇక్కడికి వచ్చిందని చెప్పాను. "ఈ రాత్రి మన నెత్తి మీద ఇన్ని ట్యూబులైట్లున్నాయి. ఆవిడ ఇంట్లో దీపం లేదు. ఆ నూనె కాలుతూనే మనకి అయ్యగారు వచ్చారు. లంక ఆరాధన ఆపాలనుకుంటే ఆపండి. కాని మన సంఘంలో కానుక తీసుకుని పని మానెయ్యకూడదు. మానెయ్యాలంటే ముందు ఆ కానుక ఆవిడకి తిరిగిచ్చెయ్యాలి. ఎవరు వెళ్లి ఇస్తారో లేచి నిలబడండి."

ఎవరూ లేవలేదు. ఆడవాళ్ల వరసలో ఎవరో ముక్కు చీదారు. సెక్రటరీగారు పాటల పుస్తకం తెరిచి చూస్తూ కూర్చున్నారు. నాన్నగారు ఆశీర్వచనానికి చేతులెత్తారు.

ఆ వేసవంతా పెట్రోలుతో వెళ్లి కిరసనాయిలుతో వచ్చాం. మామ్మకి తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు. నాన్నగారి కాలు బాగైనా నేనే నడిపాను. సెక్రటరీగారు నాతో చాలాకాలం మాట్లాడలేదు. బాతుల సంగతి ఆయన దాకా వెళ్లినట్టుంది, తరవాతొక రోజు గేటు దగ్గర కనబడి, "ఇవాళ హారను పలుకుతుందామ్మా?" అని అడిగారు. అదే ఆయన రాజీ.

ఆ తరవాత కొంతకాలానికి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. యంత్రాలొచ్చి తవ్విపోశాయి, నీళ్లు కలిసిపోయాయి, మేం బండి మీద పోయిన దారులు ఇప్పుడు ఎవరికీ చూపించలేను. రేషను షాపులో కిరసనాయిలు ఇవ్వడం మానేశారు. మామ్మ ఒక వానాకాలం కన్ను మూసింది. నాన్నగారు కూడా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆ రోజుల గురించి చెబితే కొందరు జాలిగా నవ్వుతారు. తెలియనితనం అండీ, పాపం, అంటారు. మంచి యంత్రాన్ని పాడుచేసుకున్నారు, ఆవిడకి మెల్లిగా చెప్పి ఆపించాల్సింది అంటారు. నేను ఒప్పుకోను. యంత్రాన్ని కాపాడుకోవడం తెలిసినవాళ్లు మా సంఘంలో చాలామందే ఉన్నారు. ఇవ్వడం తెలిసిన మనిషి లంకలో ఒక్కతే ఉండేది. ఆవిడ కానుక తాగిన బండిని నేనెలా అమ్ముతాను?

లంకలో పాక పోయి రేకుల మందిరం వచ్చింది. ఆదివారం పొద్దున నేనే వెళ్తాను, వాక్యం నేనే చెబుతాను. ఆడమనిషి చెప్పడమేమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అడగనివ్వండి. ఆ సాయంత్రం నేనడిగినదానికి ఇంతవరకూ ఎవరూ లేచి నిలబడలేదు. వాళ్లు నిలబడేదాకా లంకలో ఆరాధన ఆగదు.